డిగ్రీతో పాటే బీఈడీ: ఏడాది కలిసొస్తుందనే లెక్కతో మాత్రం వెళ్ళొద్దు

ప్రశ్న: "ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం చదువుతున్నాను. హైస్కూల్లో లెక్కల టీచర్ అవ్వాలని కోరిక. డిగ్రీతో పాటే బీఈడీ కూడా అయిపోతుందని, ఏడాది ఆదా అని మా సీనియర్ అక్క చెప్పింది. నాన్న మాత్రం 'ముందు డిగ్రీ కానీ, ఆ తర్వాత చూద్దాం' అంటున్నారు. ఎవరి మాట వినాలి?"

అమ్మాయ్, మీ అక్క చెప్పిందీ నిజమే, మీ నాన్నగారు చెప్పిందీ నిజమే. ఇద్దరూ రెండు వేర్వేరు కోర్సుల గురించి మాట్లాడుతున్నారు, అంతే.

మీ నాన్నగారి మనసులో ఉన్నది మామూలు బీఈడీ. డిగ్రీ చేతికొచ్చాక, లేదా ఆఖరి ఏడాదిలో ఉండగా బీఈడీ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్ రాసి, రెండేళ్ళు చదివేది. దీన్ని డిగ్రీతో పాటు సమాంతరంగా చదవడం కుదరదు. చేరడానికి కావలసిన అర్హతే డిగ్రీ కదా. 2022 ఏప్రిల్‌లో ఒకేసారి రెండు డిగ్రీలు చదువుకోవచ్చని యూజీసీ చెప్పినప్పుడు నాకు వచ్చిన ఫోన్లకు లెక్కలేదు. "మేడం, ఇక పొద్దున బీఎస్సీ, మధ్యాహ్నం బీఈడీ చెయ్యొచ్చు కదా?" అని. చెయ్యకూడదమ్మా. ఆ వెసులుబాటు అర్హతల్ని మార్చలేదు. పైగా వృత్తి కోర్సులకు ఆయా మండళ్ళ నిబంధనలే వర్తిస్తాయని అందులోనే రాసి ఉంది. ఉపాధ్యాయ కోర్సుల విషయంలో ఆ మండలి ఎన్‌సీటీఈ.

మీ అక్క చెప్పింది నాలుగేళ్ళ ఇంటిగ్రేటెడ్ కోర్సు. బీఎస్సీ బీఈడీ, బీఏ బీఈడీ, బీకాం బీఈడీ అని మూడు రకాలు. ఇంటర్ అవ్వగానే చేరతావు. ఎనిమిది సెమిస్టర్లూ ఒకే సంస్థలో సాగుతాయి. లెక్కలూ అక్కడే, లెక్కలు ఎలా చెప్పాలో కూడా అక్కడే. ఇదేదో నిన్నమొన్న పుట్టింది కాదు. మైసూరు, భువనేశ్వర్, భోపాల్, అజ్మీర్‌లలో ఎన్‌సీఈఆర్‌టీ నడిపే ప్రాంతీయ విద్యా సంస్థల్లో 1960ల నుంచీ ఉంది. ఆంధ్ర, తెలంగాణ పిల్లలకు దగ్గరపడేది మైసూరుది. నేనూ అక్కడ చదివినదాన్నే. తర్వాత జిల్లా పరిషత్ హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పాను, ఇప్పుడు బీఈడీ వాళ్ళకు ఫిజికల్ సైన్స్ మెథడాలజీ, అంటే ఆ సబ్జెక్టును ఎలా బోధించాలో చెబుతున్నాను. కాబట్టి నా మాటలో కాస్త మైసూరు మొగ్గు ఉంటే ఉండొచ్చు, చూసుకుని తీసుకో.

2020 జాతీయ విద్యా విధానం ఈ కోర్సును ముందుకు తెచ్చింది. 2030 నాటికి టీచర్ కావడానికి కనీస అర్హత నాలుగేళ్ళ ఇంటిగ్రేటెడ్ బీఈడీయే కావాలని అందులో ఉంది. దానికి తగ్గట్టు 2021 అక్టోబరులో కొత్త రూపు నోటిఫై చేశారు. దాని పేరే ఐటెప్ (ఇంటిగ్రేటెడ్ టీచర్ ఎడ్యుకేషన్ ప్రోగ్రామ్). 2023-24లో దేశంలో 57 సంస్థల్లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టారు. మన దగ్గర వరంగల్ ఎన్‌ఐటీలో బీఎస్సీ బీఈడీ పెట్టారు. హైదరాబాద్ గచ్చిబౌలిలోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలోనూ ఉంది. మైసూరు సీట్లకు ఇదివరకు వాళ్ళదే ఒక పరీక్ష ఉండేది, ఇప్పుడు అవీ అందరికీ ఉమ్మడిగా జరిగే ఎన్‌సెట్ కిందికే వచ్చాయి. (ఎన్‌సీటీఈ, ఎన్‌సెట్, ఎన్‌సీఈఆర్‌టీ... ఈ మూడింటినీ కలగాపులగం చెయ్యని విద్యార్థి నాకింకా తగల్లేదు. మొదటిది గుర్తింపు ఇచ్చే మండలి, రెండోది ప్రవేశ పరీక్ష, మూడోది పాఠ్యపుస్తకాలు వేసేదీ మైసూరు సంస్థను నడిపేదీ.)

ఇక ఏడాది ఆదా సంగతి. మూడేళ్ళ డిగ్రీ, రెండేళ్ళ బీఈడీ కలిపితే ఐదు. ఇది నాలుగు. లెక్క సరిపోయింది. కానీ ఆ లెక్క స్థిరంగా నిలబడేది కాదు. నేను చదివే రోజుల్లో బీఈడీ ఒక్క ఏడాదే. 2014 నిబంధనలతో 2015 నుంచి రెండేళ్ళయింది. 2025 ఫిబ్రవరిలో ఎన్‌సీటీఈ విడుదల చేసిన ముసాయిదాలో, నాలుగేళ్ళ డిగ్రీ గానీ పీజీ గానీ ఉన్నవాళ్ళకు మళ్ళీ ఏడాది బీఈడీ పెట్టాలన్నారు. అంటే ఇవాళ ఉన్న తేడా నువ్వు బయటికొచ్చే నాటికి ఎంత ఉంటుందో, అసలు ఉంటుందో లేదో. ఇంకో సంగతి. ఆ మిగిలిన ఏడాదిలో నువ్వు నేరుగా ఉద్యోగంలో కూర్చోవు. ప్రభుత్వ టీచర్ పోస్టులు నింపే డీఎస్సీ ఎప్పుడు పడితే అప్పుడే. 2024లో తెలంగాణలో 11,062 పోస్టులు, 2025లో ఆంధ్రలో 16,347 పోస్టులు పడ్డాయి. వాటికి ముందు ఎదురుచూసిన వాళ్ళను అడుగు, ఏడాది అంటే ఏమిటో చెబుతారు. నోటిఫికేషన్ నీ కోర్సు పూర్తయ్యే నెల చూసుకుని రాదు.

మరి ఏడాది కోసం కాకపోతే ఎందుకు? ఒక సంగతి చెబుతాను.

కొన్నేళ్ళ కిందట మా దగ్గర్లోని ఒక జిల్లా పరిషత్ హైస్కూలుకు టీచింగ్ ప్రాక్టీసు చూడ్డానికి వెళ్ళాను. ఆ ఏడు ఇద్దరు వచ్చారు. ఒకబ్బాయి మామూలు బీఈడీ, ఒకమ్మాయి నాలుగేళ్ళ కోర్సులో మూడో ఏడు. ఆ అమ్మాయి ఏడో తరగతికి ఆమ్లాలు, క్షారాలు చెబుతోంది. పసుపు రాసి ఎండబెట్టిన కాగితం ముక్కలు తెచ్చుకుంది. ఒకదాని మీద సబ్బు నీళ్ళ చుక్క వేసింది, ఎర్రబడింది. నిమ్మరసం వేసింది, మళ్ళీ పసుపు. పిల్లలు బల్లల మీదికెక్కి చూస్తున్నారు. అంతా బాగానే ఉంది. అప్పుడు వెనక బెంచీలోంచి ఒక పిల్లాడు లేచాడు.

"టీచర్, మా అమ్మ చీర మీద పసుపు మరక పడితే సబ్బు పెట్టింది. ఎర్రగా అయింది. ఉత్త నీళ్ళలో జాడిస్తే మళ్ళీ పసుప్పచ్చగా అయింది. అయితే నీళ్ళు ఆమ్లమా?"

అమ్మాయి తడబడింది. "కాదు, నీళ్ళు తటస్థం" అంది. "మరి రంగెందుకు మారింది?" అన్నాడు వాడు. గంట కొట్టేశారు.

ఇక్కడ జరిగింది చూడు. ఆ అమ్మాయి శనివారం కాలేజీకి వెళ్ళింది. అదే వరండాలో కెమిస్ట్రీ ల్యాబు, ఆ సెమిస్టర్‌లోనే తనకు ఆమ్ల క్షారాల సమతాస్థితి పాఠం. వెళ్ళి ఆ లెక్చరర్‌నే అడిగింది. ఎర్రరంగు క్షారం ఉన్నంతసేపే నిలుస్తుంది, జాడించినప్పుడు క్షారం కొట్టుకుపోతుంది, అంతే తప్ప నీళ్ళు ఆమ్లమై కాదు. ఇది ఆమెకు తెలియని విషయం కాదు. పరీక్షలో సమీకరణం రాయమంటే రాసేది. చీర మరక దగ్గరికి దాన్ని ఎప్పుడూ తీసుకురాలేదు, అంతే. సోమవారం ఒక తెల్లగుడ్డ ముక్క, మగ్గు, రెండు గిన్నెలు పట్టుకొచ్చింది. పసుపు గుడ్డను సబ్బుతో ఎర్రగా చేసింది. గిన్నెలో జాడించి, ఆ జాడించిన నీళ్ళలో ఇంకో పసుపు కాగితం ముంచింది. అది ఎర్రబడింది. "ఎరుపు ఎక్కడికి పోయిందిరా?" అని అడిగింది. వాడే చెప్పాడు, "సబ్బు నీళ్ళలోకి పోయింది టీచర్" అని.

బీఈడీ అబ్బాయికి అదే ప్రశ్న వేస్తే? అతను తెలివైనవాడే. క్లాసును అదుపులో పెట్టడంలో ఆ అమ్మాయి కన్నా నయం, వయసు కూడా రెండేళ్ళు ఎక్కువ. కానీ అతని కెమిస్ట్రీ డిగ్రీతోనే ముగిసింది. చాలా బీఈడీ కాలేజీల్లో సబ్జెక్టు చెప్పే లెక్చరరే ఉండరు, మెథడాలజీ చెప్పే నాలాంటివాళ్ళం ఉంటాం. అతను ఇంటికెళ్ళి యూట్యూబ్‌లో వెతుక్కోవాలి. ఇంటిగ్రేటెడ్ కోర్సులో నిజంగా కలిసొచ్చేది ఇదీ. సబ్జెక్టు ఇంకా వేడిగా ఉండగానే పిల్లల ముందు నిలబడతావు, పిల్లలడిగినదాన్ని పట్టుకుని మళ్ళీ సబ్జెక్టులోకి వెళతావు. లెక్కలకు ఇది ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. డిగ్రీ లెక్కలకూ ఎనిమిదో తరగతి లెక్కలకూ మధ్య ఉన్న దారి మన కాలేజీల్లో ఎవరూ చూపించరు. రియల్ అనాలిసిస్‌లో మంచి మార్కులొచ్చిన పిల్లలు భిన్నాల భాగహారంలో రెండో భిన్నాన్ని ఎందుకు తలకిందులు చేస్తామో చెప్పమంటే "అది రూలు మేడం" అంటారు.

అలాగని ప్రతి ఇంటిగ్రేటెడ్ కాలేజీలోనూ ఇలా జరుగుతుందని కాదు. కొన్నిచోట్ల బీఎస్సీ డిపార్ట్‌మెంట్ ఒక దిక్కు, ఎడ్యుకేషన్ డిపార్ట్‌మెంట్ ఇంకో దిక్కు, మధ్యలో పిల్లలు బస్సెక్కి తిరుగుతుంటారు. చేరేముందు ఆ ఒక్కటి కనుక్కో. సబ్జెక్టు చెప్పేవాళ్ళు, మెథడ్ చెప్పేవాళ్ళు ఒకే ఆవరణలో ఉన్నారా? ప్రాక్టీసుకు బడి ఎక్కడ? మైసూరులో క్యాంపస్‌లోనే డిమాన్‌స్ట్రేషన్ స్కూలుంది. పాఠం చెడగొట్టిన పిల్ల ఐదు నిమిషాల్లో తన గదికి వచ్చి ఏడ్చేది, మధ్యాహ్నానికి మళ్ళీ పోయి నిలబడేది. నా సంగతే చెబుతున్నాను.

ఇప్పుడు మీ నాన్నగారి వైపు మాట్లాడతాను. ఆయన భయం ఉత్తది కాదు. పదిహేడేళ్ళకు "నేను టీచర్నే అవుతాను" అని నాలుగేళ్ళ కోర్సులో చేరితే, రెండో ఏడు చివర్లో మనసు మారిందనుకో, ఎటు వెళతావు? మామూలు బీఎస్సీ చేసిన పిల్లకు డిగ్రీ అయ్యాక పది దారులు, అందులో బీఈడీ ఒకటి. ఇక్కడ మూడేళ్ళు చదివి మానేస్తే బీఈడీ రాదు. డిగ్రీ అయినా ఇస్తారా, ఇస్తే ఏ పేరుతో, అన్నది సంస్థను రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవలసిన విషయం. నోటిమాట మీద నమ్మకు. నాతో చదివిన ఒకమ్మాయికి మూడో ఏడులో తెలిసింది, తనకు పిల్లల గోల సరిపడదని. బంగారం లాంటి పిల్ల, లెక్కల్లో మా అందరికన్నా చురుకు. పూర్తిచేసింది, ఎమ్మెస్సీకి వెళ్ళింది, కాలేజీ లెక్చరర్ అయింది. ఆ దారి మూసుకుపోలేదు, ఎందుకంటే బీఎస్సీ బీఈడీ కూడా డిగ్రీయే, పీజీకి అర్హతే. కానీ చివరి ఏడాది బడిలో ఇంటర్న్‌షిప్ రోజులు తనకు జైలు లాగే గడిచాయని ఇప్పటికీ అంటుంది.

అన్నట్టు, నీ మనసులో ఏ మూలన్నా జూనియర్ లెక్చరర్ కావాలని ఉంటే దానికి పీజీ చాలు, బీఈడీ అక్కర్లేదు. కేంద్రీయ విద్యాలయాల్లోనూ గురుకులాల్లోనూ పీజీటీకి (పదకొండు, పన్నెండు తరగతుల టీచర్‌కు) మాత్రం పీజీతో పాటు బీఈడీ కూడా కావాలి. ఏ పోస్టుకు ఏది కావాలో ముందు తెలుసుకోకుండా కోర్సులో చేరడం మనవాళ్ళకు అలవాటైపోయింది.

ఇక తర్వాత దిద్దుకోలేని విషయాలు రెండున్నాయి. ఇవి మాత్రం జాగ్రత్తగా చదువు.

ఒకటి, స్టేజి. ఐటెప్‌లో అందరికీ ఒకే బీఈడీ ఇవ్వరు. ఫౌండేషనల్, ప్రిపరేటరీ, మిడిల్, సెకండరీ అని నాలుగు దశలు. అంటే చిన్నపిల్లలు, మూడు నుంచి ఐదు, ఆరు నుంచి ఎనిమిది, తొమ్మిది నుంచి పన్నెండు. సంస్థకు ఏ దశకు గుర్తింపు ఉంటే అదే చదువుతావు. సీటొచ్చిందన్న సంతోషంలో ప్రిపరేటరీలో చేరిపోయి, నాలుగేళ్ళయ్యాక పదో తరగతికి లెక్కలు చెబుతానంటే కుదరదు. దీని తీవ్రత ఎంతో 2023 ఆగస్టు 11న వచ్చిన సుప్రీంకోర్టు తీర్పు చూస్తే అర్థమవుతుంది. ఒకటి నుంచి ఐదు తరగతులకు బీఈడీ అర్హత కాదని తేల్చేసింది. అప్పటిదాకా ఎస్‌జీటీ (ఆ చిన్న తరగతుల టీచర్) పోస్టు మీద ఆశతో బీఈడీ చేసినవాళ్ళు నాకెంతమందో తెలుసు. రాత్రికి రాత్రి ఆ తలుపు మూసుకుపోయింది. నువ్వు హైస్కూలు అంటున్నావు కాబట్టి నీకు సెకండరీ, లేదంటే మిడిల్. ఎన్‌సెట్ కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టేటప్పుడు సంస్థ పేరు కన్నా ముందు ఈ మాట చూడు.

రెండు, సబ్జెక్టు. డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ (హైస్కూలు టీచర్) లెక్కల పోస్టుకు డిగ్రీలో లెక్కలు ఉండాలి, బీఈడీలోనూ లెక్కల మెథడాలజీ ఉండాలి. రెండూ కలవాలి. పాత పద్ధతిలో మాకు ఎంపీసీ మూడూ సమానంగా ఉండేవి, లెక్కలూ ఫిజికల్ సైన్సూ రెండు మెథడ్లు వచ్చేవి, దాంతో రెండు రకాల పోస్టులకూ అర్హత. ఇప్పుడు మేజర్, మైనర్ అని వచ్చాక అది మారింది. ఆంధ్రలో మామూలు డిగ్రీలో కూడా 2023-24లో సింగిల్ మేజర్ (ఒకే ప్రధాన సబ్జెక్టు) పెట్టడంతో ఈ చిక్కు అటువైపూ వచ్చింది. కాబట్టి "బీఎస్సీ బీఈడీ ఉంది" అంటే సరిపోదు. లెక్కలు మేజర్‌గా ఉందా, పెడగాజీ (బోధన పద్ధతి) లెక్కలదేనా, ఆఖరి మార్కుల మెమో మీద ఆ రెండు మాటలూ కనిపిస్తాయా? ఇది అడిగితే ఆఫీసు గుమాస్తా నీకేసి వింతగా చూస్తాడు. చూడనీ.

గుర్తింపు గురించి ఒక చేదు సంగతి. నా దగ్గరికి సలహాకు వచ్చిన ఒక కుర్రాడు బయటి రాష్ట్రంలో ఒక ప్రైవేటు సంస్థలో నాలుగేళ్ళ కోర్సు చేశాడు. సంస్థకు ఎన్‌సీటీఈ గుర్తింపు ఉంది, బోర్డు మీద రాసి కూడా ఉంది. ఆ గుర్తింపు రెండేళ్ళ బీఈడీకి. నాలుగేళ్ళ కోర్సుకు అతను చేరిన సంవత్సరానికి లేదు. సర్టిఫికెట్ల పరిశీలన రోజున బయటపడింది. ఆ కుర్రాడు బల్ల ముందు అలా నిలబడిపోయాడు. వాళ్ళ నాన్న రెండెకరాల్లో అరెకరం అమ్మి చదివించాడు. అందుకే సంస్థ పేరు చూసి ఊరుకోవద్దు. గుర్తింపు ఉత్తర్వు అడిగి చూడు. అందులో కోర్సు పేరు, సీట్ల సంఖ్య, ఏ విద్యా సంవత్సరం నుంచి అన్నవి మూడూ ఉంటాయి. ఇవ్వడానికి నసిగితే ఆ గేటు దాటి బయటికొచ్చెయ్. పాత రకం నాలుగేళ్ళ కోర్సులు నడిపేవాళ్ళు ఐటెప్‌లోకి మారాలని ఎన్‌సీటీఈ చెప్పింది కాబట్టి, పాత పేరుతో ఇంకా అడ్మిషన్లు అంటే రెట్టింపు జాగ్రత్త.

"రోజూ రానక్కర్లేదు, పరీక్షలకు వస్తే చాలు" అనేవాళ్ళు బీఈడీలోనూ ఉన్నారు, ఇంటిగ్రేటెడ్‌లోనూ తయారవుతారు. 2014 బీఈడీ నిబంధనల్లో తరగతులకు 80 శాతం, బడి ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం హాజరు ఉండాలని స్పష్టంగా ఉంది. రానక్కర్లేదంటే ఆ హాజరు ఎవరో రాస్తారనేగా అర్థం. లెసన్ ప్లాన్ రికార్డులు కూడా రాసిపెట్టి అమ్ముతారు, ఒక్కో మెథడ్‌కు ఇంత అని. వైవాలో అలాంటి రికార్డు నా చేతికొస్తే ఇట్టే తెలిసిపోతుంది. రికార్డులో "విద్యార్థుల ప్రతిస్పందన" అన్న గడిలో ముప్ఫై పాఠాలకూ "విద్యార్థులు సరిగా సమాధానం చెప్పారు" అని ఉంటుంది. ముప్ఫై రోజులూ సరైన సమాధానాలే చెప్పే తరగతి భూమ్మీద లేదు.

నువ్వు అడగలేదు గానీ మూడో దారి ఒకటుంది. డీఈఎల్‌ఈడీ. మనవాళ్ళు ఇంకా డీఎడ్ అనే అంటారు. ఇంటర్ తర్వాత డీసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి, డైట్‌లో (జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థలో) రెండేళ్ళు. చిన్నపిల్లలంటే ఇష్టం ఉండి, ఇంట్లో డబ్బుకు ఇబ్బందిగా ఉండి, త్వరగా ఎస్‌జీటీ కావాలనుకుంటే ఇదే దగ్గరి దారి, ఆ సుప్రీంకోర్టు తీర్పు తర్వాత మరీను. ఇవాళ హైస్కూళ్ళలో ఉన్న ఎందరో టీచర్లు ఇలాగే మొదలుపెట్టి, దూరవిద్యలో డిగ్రీ, ఆ తర్వాత బీఈడీ చేసి పైకి వచ్చారు. దూరవిద్య బీఈడీ కూడా ప్రధానంగా ఇలా ముందే శిక్షణ పొందినవాళ్ళ కోసమే, ఉత్త డిగ్రీతో నేరుగా దొరికేది కాదు. ఒక్క హెచ్చరిక. డీఎడ్ చదువుతూ పక్కన రెగ్యులర్ డిగ్రీ కూడా లాగించేద్దామనుకోకు. 2022కు ముందు అలా చదివిన ఒకమ్మాయి ఒకే రెండేళ్ళకు రెండు ఊళ్ళ నుంచి స్టడీ సర్టిఫికెట్లు పట్టుకొచ్చింది. రెండు చోట్లా నిండా హాజరు. పరిశీలించే ఆఫీసరు ఒకటే అడిగాడు, "పొద్దున పది గంటలకు నువ్వు ఎక్కడున్నావమ్మా?" అని. ఆ ఫైలు కదలడానికి ఏళ్ళు పట్టింది.

నీ విషయానికి వస్తాను. హైస్కూలు లెక్కలు అన్నావు, ఇంటర్‌లోనే అన్నావు. నా సలహా: ఎన్‌సెట్ రాయి, కానీ రెండే రెండు రకాల సీట్లకు. ఒకటి మైసూరు, రెండు వరంగల్ ఎన్‌ఐటీ లాంటి ప్రభుత్వ సంస్థలు. అక్కడ లెక్కలు మేజర్‌గా, సరైన స్టేజిలో వస్తే కళ్ళు మూసుకుని చేరిపో. రాకపోతే పేరూ ఊరూ తెలియని ప్రైవేటు ఇంటిగ్రేటెడ్‌లో మాత్రం చేరకు. మంచి డిగ్రీ కాలేజీలో బీఎస్సీ లెక్కలు గట్టిగా చదివి ఎడ్‌సెట్‌కు రా. అది మీ నాన్నగారి దారి, అదేం తక్కువ దారి కాదు. దూరం పంపడానికి ఇంట్లో వెనకాడితే హాస్టల్ ఖర్చు, మన రాష్ట్రపు ఫీజు రీయింబర్స్‌మెంట్ బయట చదివితే వర్తిస్తుందా లేదా అన్నది సంక్షేమ శాఖ ఆఫీసులో ముందే అడగండి. చేరాక అడిగితే లాభం లేదు.

పరీక్ష గురించి ఎక్కువ చెప్పను, కోచింగ్ అక్కర్లేదు. కంప్యూటర్ మీద మూడు గంటలు. రెండు భాషలు, మూడు సబ్జెక్టులు, జనరల్ టెస్ట్, టీచింగ్ ఆప్టిట్యూడ్, మొత్తం 160 ప్రశ్నలకు జవాబులు. ఒప్పుకు నాలుగు, తప్పుకు మైనస్ ఒకటి. నిర్వహించేది ఎన్‌టీఏ, అంటే జాతీయ పరీక్షల సంస్థ. తెలుగుతో కలిపి 13 భాషల్లో రాయొచ్చు, తెలుగును ఒక భాషగా ఎంచుకుంటే ఆ మార్కులు నీకు తేలిగ్గా వస్తాయి. ఎంసెట్ మోజులో పడి ఎన్‌సెట్ నోటిఫికేషన్ ఎప్పుడొచ్చి ఎప్పుడు పోయిందో కూడా చూడని పిల్లలే ఎక్కువ. తేదీలు కూడా ఏటా ఒకేలా ఉండవు. 2023లో ఆగస్టులో పెట్టారు, 2024లో జూన్ నుంచి జూలైకి వాయిదా వేశారు, 2025లో ఏప్రిల్‌లోనే అయిపోయింది. జనవరి నుంచే ఎన్‌టీఏ సైటు మీద ఒక కన్నేసి ఉంచు.

ఉద్యోగాల దగ్గర ఈ డిగ్రీ చెల్లుతుందా అని మీ నాన్నగారు తప్పకుండా అడుగుతారు. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు కనీస అర్హతల గురించి ఎన్‌సీటీఈ 2010లో ఇచ్చిన నోటిఫికేషన్‌లోనే నాలుగేళ్ళ బీఏ ఈడీ, బీఎస్సీ ఈడీ పేర్లున్నాయని చెప్పు. కేంద్రీయ విద్యాలయాల టీజీటీ (హైస్కూలు తరగతుల టీచర్) ప్రకటనల్లో ప్రాంతీయ విద్యా సంస్థల నాలుగేళ్ళ డిగ్రీ ప్రత్యేకంగా రాసి ఉంటుంది. ఐటెప్ మొదటి బ్యాచ్ మాత్రం 2027లో గానీ బయటికి రాదు. టీచర్ అర్హత పరీక్ష టెట్ ఎలాగూ ఎవరికైనా తప్పదు. డీఎస్సీ మార్కుల్లో దానికి 20 శాతం వెయిటేజీ కాబట్టి పాసవ్వడం కాదు, బాగా రాయాలి.

ఇవన్నీ నీకు కాగితాల విషయాలు. అసలు పరీక్ష ఒకటి నువ్వే పెట్టుకో, దానికి ఫీజు కూడా లేదు. ఇంటర్ పరీక్షలయ్యాక నువ్వు చదివిన హైస్కూలుకు వెళ్ళు. బళ్ళకు సెలవులివ్వడానికి ఇంకా నాలుగు వారాలైనా ఉంటాయి. హెడ్మాస్టరు గారిని అడిగి, మీ లెక్కల మాస్టారి ఎదురుగానే, ఏడో తరగతికి ఒక వారం భిన్నాలు చెప్పు. మొదటి రోజు నీకు బాగుంటుంది, పిల్లలు కొత్త టీచర్ని చూసి ఊరుకుంటారు. మూడో రోజుకు గోల మొదలవుతుంది. నాలుగో రోజు, నువ్వు మూడుసార్లు చెప్పిన లెక్కనే ఒక పిల్ల నాలుగోసారి తప్పు చేస్తుంది. అప్పుడు నీకు విసుగొచ్చిందా, లేక ఆ పిల్ల ఎక్కడ పొరబడుతోందో చూడాలనిపించిందా, అది నాన్నకు ఉన్నదున్నట్టు చెప్పు. ఆ తర్వాత ఇద్దరూ కూర్చుని నిర్ణయించుకోండి.

బోర్డు మీద రాసేటప్పుడు కుడివైపుకి వెళ్ళేకొద్దీ నీ వరస కిందికి జారుతుంది, కంగారుపడకు. నాకది తిన్నగా రావడానికి మైసూరులో రెండేళ్ళు పట్టింది.